ఊరి సైనిక స్మారకం: రాతి మీద ఎవరి పేరుండాలి?

2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలు కోల్పోయాడు. అదే రోజుల్లో పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం పేరు కూడా మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. ‘మిలిటరీ మాధవరం’ అంటేనే ఆ చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది. ఊరివాళ్ళ లెక్క ప్రకారం మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్ళారు. పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న కుటుంబాలున్న ఊరది. సైనికుల కోసం ఊళ్ళో స్మారకం కూడా కట్టుకున్నారు.

ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా ‘మన ఊళ్ళో కూడా ఒకటి కట్టాలి’ అనే మాట వినిపిస్తుంది. చందాలు పోగవుతాయి, దాత దొరుకుతాడు, గ్రానైటు రాయి వస్తుంది. ఆగిపోయేది పేర్ల దగ్గరే. యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లేనా? పోరాడి తిరిగొచ్చి, ఇంట్లో కన్నుమూసినవాళ్ళ సంగతేంటి? బ్రిటిష్‌వాళ్ళ సైన్యంలో చేసిన తాతల పేర్లు రాయొచ్చా? సీఆర్పీఎఫ్ జవాను సైనికుడి కిందకు వస్తాడా? ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో కుటుంబం ఉంటుంది కాబట్టి వీటిని తేలిగ్గా తీసుకోలేం. ఈ చిక్కులో సగం, ప్రభుత్వం వాడే మాటలనూ ఊరు వాడే మాటలనూ ఒకే గాటన కట్టడం వల్ల వస్తున్నది. అందుకే ముందు మాటల సంగతి చూద్దాం.

అమరుడు, మాజీ సైనికుడు, బ్యాటిల్ క్యాజువల్టీ

మనం ‘వీరమరణం’, ‘అమరుడు’, ‘షహీద్’ అని రోజూ అంటాం, రాస్తాం. రక్షణ శాఖ కాగితాల్లో ఆ మాటలు ఉండవు. ‘మార్టిర్’ అనే పదాన్ని సాయుధ దళాల్లో వాడరని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. 2022 ఫిబ్రవరిలో సైనిక ప్రధాన కార్యాలయం కూడా ఆ మాట వాడొద్దని, పోరులో మరణించారనో, అత్యున్నత త్యాగం చేశారనో అనమని తన విభాగాలకు రాసింది. అంటే ‘అమరుడు’ అనేది ప్రజలిచ్చే గౌరవం. దానికి సర్టిఫికెట్ ఉండదు. ఫలానావారిని అధికారికంగా అమరుడిగా గుర్తించలేదని అప్పుడప్పుడూ వచ్చే వివాదాల్లో చాలావరకు ఈ సంగతి తెలియక రేగేవే.

సైన్యం నిజంగా వాడే మాటలు ‘బ్యాటిల్ క్యాజువల్టీ’, ‘ఫిజికల్ క్యాజువల్టీ’. శత్రువు కాల్పుల్లో, ఉగ్రవాదులతో పోరులో, మందుపాతరల వల్ల, ప్రభుత్వం నోటిఫై చేసిన ఆపరేషన్లలో జరిగే మరణాలు మొదటి రకం. సియాచిన్ లాంటి చోట మంచు చరియలు మీదపడి చనిపోయినా ఇందులోకే వస్తుంది. జబ్బు, ప్రమాదం లాంటివి రెండో రకం. కుటుంబానికి ఈ తేడా డబ్బు రూపంలో తెలుస్తుంది. బ్యాటిల్ క్యాజువల్టీ అయితే చివరి జీతానికి సమానంగా ‘లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్’ వస్తుంది. సర్వీసు కారణంగా జరిగిన ఇతర మరణమైతే ‘స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్’, అంటే 60 శాతం.

ఇక ‘మాజీ సైనికుడు’. మామూలుగా మనం మిలిటరీలో చేసి వచ్చిన ప్రతివారినీ అలాగే పిలుస్తాం. ప్రభుత్వ నిర్వచనం అంతకంటే ఇరుకైనది. పెన్షన్‌తో రిటైరైనవారు, సర్వీసు వల్ల వచ్చిన గాయంతోనో జబ్బుతోనో బయటికి వచ్చినవారు, తమ ప్రమేయం లేకుండా గ్రాట్యుటీ ఇచ్చి పంపించేసినవారు ఇందులో ఉంటారు. పెన్షన్ రాకముందే సొంత కారణాలతో తనంతట తాను మానేసినవారు, క్రమశిక్షణ చర్యలో తొలగించబడినవారు ఉండరు.

ఈ నిర్వచనాలన్నీ పెన్షన్లు, రిజర్వేషన్లు, వైద్య సదుపాయాలు లెక్క తేల్చడానికి పుట్టినవి. ఊరి స్మారకానికి ఇవి వర్తించి తీరాలన్న నియమమేమీ లేదు. ఊరు తన సొంత నిర్వచనం పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ నిర్వచనమేమిటో ముందే తేల్చుకోవాలి, రాయి మీద ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. అది లేని చోటే గొడవలు వస్తాయి.

మన నేల మీద ఇది కొత్త పని కాదు

యుద్ధ స్మారకం అంటే ఇండియా గేటు కళ్ళ ముందు మెదులుతుంది గానీ, చనిపోయిన వీరుడికి ఊరి మొగదల రాయి నిలబెట్టడం మన దగ్గర వెయ్యేళ్ళకు పైబడిన ఆచారం. వాటినే వీరగల్లులు అంటారు. చాలా వీరగల్లుల్లో ఒకే వరస కనిపిస్తుంది. అడుగు పలకలో పోరు: కత్తి ఎత్తిన మనిషి, ఎదురుగా శత్రువులు, పశువులను కాపాడుతూ పోయినవాడైతే పక్కన ఆవులు. మధ్య పలకలో అతన్ని రెండు పక్కలా పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పై పలకలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. అన్నిటికన్నా పైన సూర్యచంద్రులు. ఆ ఇద్దరూ ఉన్నన్నాళ్ళూ ఈ పేరు ఉంటుందని దాని అర్థం. ఆ మనిషి రాజు కానక్కర్లేదు. ఊరి మంద దొంగల పాలు కాకుండా అడ్డం నిలిచి చచ్చిపోయినా చాలు.

పల్నాడులోని కారంపూడి ఇంకా ముందుకు వెళ్ళింది. 1182 ప్రాంతంలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధంలో పడిపోయినవాళ్ళకు నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక మాసం చివర అయిదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరాచారవంతులు, అంటే ఆ వీరుల ఆచారాన్ని పాటించే కుటుంబాలవారు, తమ ఇళ్ళలో తరతరాలుగా దాచుకున్న ఆయుధాలను, వాటిని కొణతాలంటారు, తెచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం చూడకుండా అందరూ ఒక్క చాప మీద తిన్న కూడు అది. బ్రహ్మనాయుడితో పాటు మాల కులానికి చెందిన సేనాని కన్నమదాసును కూడా అక్కడ తలుచుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒక యుద్ధం పేర్లు మిగిలాయంటే అందులో రాయి పాత్ర ఎంతో చెప్పలేం గానీ, ఏటా ఆ పేర్లు పలికే మనుషుల పాత్ర చాలా ఉంది.

తర్వాత వచ్చిన పద్ధతి పూర్తిగా వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి దాదాపు 13 లక్షల మంది పనిచేశారు, 74,000 మందికి పైగా చనిపోయారు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం సైనికులను పంపిన ఊళ్ళలో చిన్న చిన్న పలకలు పెట్టించింది. పంజాబ్, ఉత్తరాఖండ్ కొండల నుంచి పాత మద్రాసు ప్రెసిడెన్సీ దాకా ఇవి కనిపిస్తాయి. మాటలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే: ఈ ఊరి నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. రెండు అంకెలు మాత్రం ఊరిని బట్టి మారతాయి. పేరు ఒక్కటీ ఉండదు.

ఆ పలకను కాసేపు జాగ్రత్తగా చూడాలి. దానిలో ఒక మంచి ఉంది, ఒక లోటు ఉంది. వెళ్ళినవాళ్ళనూ పోయినవాళ్ళనూ ఇద్దరినీ లెక్కించింది. ఇవాళ మనం కడుతున్న చాలా స్మారకాలు ఆపాటి చేయడం లేదు. కానీ పేర్లు రాయకపోవడంతో మూడో తరానికి వచ్చేసరికి ఆ అంకె ఎవరిదో ఊరికే తెలియకుండా పోయింది.

పేర్లు వదిలేయడం ఊళ్ళకే పరిమితం కాదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. మామూలు భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు వారీగా ‘మరో ఇంతమంది’ అని అంకెతో సరిపెట్టారు. అదే సైన్యం, అదే యుద్ధం. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద మాత్రం 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. ఈ సమాధులు, స్మారకాలు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో పుట్టినప్పుడే హోదా, మతం, జాతి తేడా లేకుండా అందరినీ సమానంగా స్మరిస్తామంది. 2021లో ఆ సంస్థే వేసుకున్న విచారణ, కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదని, అసలే స్మరించనివాళ్ళు కూడా అందులో ఉన్నారని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చని తేల్చింది. వీళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యాల్లో పనిచేసినవారు. సంస్థ క్షమాపణ చెప్పింది. మంచి నియమం కాగితం మీద ఉన్నా, పేర్లు సేకరించే చోట అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

పోయినవాళ్ళేనా, వెళ్ళినవాళ్ళందరూనా

ఈ ప్రశ్నకు రెండు దేశాలు రెండు సమాధానాలిచ్చాయి. బ్రిటన్ పల్లెల్లోని స్మారకాల మీద ఎక్కువగా చనిపోయినవాళ్ళ పేర్లే ఉంటాయి. ఆస్ట్రేలియా పట్టణాలు, పల్లెల్లో తిరిగొచ్చినవాళ్ళ పేర్లు కూడా చాలాచోట్ల చెక్కారు. కారణం సైన్యం కూడిన తీరులో ఉంది. బ్రిటన్‌లో 1916 నుంచి నిర్బంధంగా సైన్యంలో చేర్చుకున్నారు. ఆస్ట్రేలియా ప్రజలు 1916లో ఒకసారి, 1917లో ఒకసారి ఓటేసి నిర్బంధాన్ని వద్దన్నారు. అందువల్ల అక్కడి నుంచి యుద్ధానికి వెళ్ళిన ప్రతివాడూ ఇష్టపడి వెళ్ళినవాడే. వెళ్ళడమే ఒక నిర్ణయం కాబట్టి వెళ్ళినవాళ్ళందరినీ రాయాలనుకున్నారు.

భారత సైన్యం కూడా వలంటరీయే. స్వాతంత్ర్యం వచ్చాక ఎవర్నీ బలవంతంగా చేర్చుకోలేదు. ఆ లెక్కన చూస్తే మన ఊళ్ళకు ఆస్ట్రేలియా పద్ధతి దగ్గరగా ఉంటుంది. దీనికి ఎదురు వాదన కూడా బలంగానే ఉంది. మన దగ్గర సైన్యం ఒక మంచి ఉద్యోగం కూడా. పదిహేను, ఇరవై ఏళ్ళు చేసి పెన్షన్‌తో వచ్చినవారినీ, ఇరవై ఏళ్ళకే పోయిన కుర్రాడినీ ఒకే వరసలో పెడితే ఆ తల్లికి ఎలా ఉంటుంది? ‘నా కొడుకు పేరు వందలో ఒకటి అయిపోయింది’ అని ఆమె బాధపడితే తప్పనలేం. అందుకే కొన్నిచోట్ల రెండు పలకలు పెడతారు. ఒకటి ప్రాణాలిచ్చినవారిది, ఒకటి సేవ చేసినవారిది. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

ఒక ఊరి లెక్క

ఉదాహరణకు ఒక ఊరిని ఊహించుకుందాం. సైన్యానికీ ఇతర దళాలకూ వెళ్ళినవాళ్ళ జాబితా ఇలా ఉందనుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకు వెళ్ళి తిరిగిరానివారు ఇద్దరు, తిరిగొచ్చినవారు అయిదుగురు. 1971 యుద్ధంలో పోయినవారు ఒకరు. 1962, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొని తిరిగొచ్చి, వయసు మీదపడి పోయినవారు ఆరుగురు. సియాచిన్‌లో మంచు చరియ కింద పడినవారు ఒకరు. ఛత్తీస్‌గఢ్‌లో మందుపాతర పేలి చనిపోయిన సీఆర్పీఎఫ్ జవాను ఒకరు. సెలవు మీద ఇంటికి వస్తూ బస్సు ప్రమాదంలో పోయిన హవల్దార్ ఒకరు. యుద్ధం చూడకుండానే రిటైరైనవారు ఇరవై మంది. ఇప్పుడు సర్వీసులో ఉన్నవారు ఎనిమిది మంది, వారిలో ఇద్దరు అగ్నివీర్లు. మొత్తం 45 మంది.

ఇప్పుడు నియమం మార్చి చూడండి. ‘స్వతంత్ర భారత సైన్యంలో పోరాటంలోనో ఆపరేషన్‌లోనో చనిపోయినవారు’ అంటే రాయి మీద రెండే పేర్లు: 1971లో పోయినవారు, సియాచిన్‌లో పోయినవారు. ‘యూనిఫాంలో ఉండగా చనిపోయిన ప్రతివారూ’ అంటే బర్మా ఇద్దరు, సీఆర్పీఎఫ్ జవాను, బస్సు ప్రమాదంలో పోయిన హవల్దార్ కూడా కలిసి ఆరుగురు. ‘ఈ ఊరి నుంచి సైన్యం తరఫున రణరంగానికి వెళ్ళినవారు’ అంటే బర్మా ఏడుగురు, 1971లో పోయినవారు, తిరిగొచ్చిన ఆరుగురు, సియాచిన్ సైనికుడు, మొత్తం 15 మంది. ఇందులో హవల్దార్ ఉండడు, సీఆర్పీఎఫ్ జవానూ ఉండడు. ‘యూనిఫాం వేసుకున్న ప్రతివారూ’ అంటే 45.

ఒకే ఊరు, ఒకే జాబితా. రాయి మీద 2 పేర్లుంటాయా, 6 ఉంటాయా, 15 ఉంటాయా, 45 ఉంటాయా అన్నది పైన రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. హవల్దార్ భార్య వచ్చి ‘మా ఆయన పేరెందుకు లేదు’ అని అడిగితే, ఆ వాక్యం చూపించి మాట్లాడగలగాలి. లేకపోతే పేరు తీసేశారన్న మాటే మిగులుతుంది.

అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ విషయం తీసుకోండి. ఆయన 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర, అప్పటి త్రివిధ దళాధిపతి (సీడీఎస్) జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ కూలి చనిపోయారు. అది యుద్ధం కాదు, విధి నిర్వహణ. ‘యుద్ధంలో మరణించినవారు’ అని మాత్రమే రాసుకున్న ఊళ్ళో ఇలాంటి సైనికుడి పేరు బయటే ఉండిపోతుంది. ఏ ఊరివాళ్ళూ అది కోరుకోరు.

1947కి ముందు చేసినవాళ్ళు

అన్నిటికంటే వేడి పుట్టించేది ఇదే. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైనప్పుడు అక్కడ 25,942 పేర్లున్నాయి. అన్నీ స్వాతంత్ర్యం తర్వాత పోయినవారివే. ఇండియా గేటు మీది 13,000కు పైగా పేర్లు బ్రిటిష్ కాలానివి. 1971 యుద్ధం తర్వాత, 1972 జనవరి 26న దాని కింద వెలిగించిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న కొత్త స్మారకంలోని జ్యోతితో కలిపారు. వలస పాలన నాటి కట్టడం మీద 1971 వీరుల పేర్లే లేనప్పుడు జ్యోతి అక్కడెందుకని ఒకరన్నారు. యాభై ఏళ్ళుగా జనం దండం పెట్టుకున్న చోటు అది, రెండు జ్యోతులుంటే తప్పేంటని మరొకరన్నారు.

అదే వాదన ఊళ్ళో చిన్న గొంతుతో జరుగుతుంది. ‘వాళ్ళు రాజుగారి జీతానికి పోరాడారు, దేశానికి కాదు’ అంటారు కొందరు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామందిని పంపింది కరువు, అప్పు, ఇంట్లో ఆకలి. అయితే రెండో ప్రపంచ యుద్ధంలో చేరిన దాదాపు 25 లక్షల మంది భారతీయుల్లో 87,000 మంది పోయారు. పోరాడింది ఎవరి జెండా కింద అయినా, చనిపోయినవాడు ఈ ఊరివాడే. జాతీయ స్మారకం దేశం తరఫున మాట్లాడుతుంది కాబట్టి 1947 గీత దానికి అర్థవంతంగా ఉంటుంది. ఊరి స్మారకం ఊరి తరఫున మాట్లాడుతుంది. ఊరు 1947లో పుట్టలేదు. మాధవరం లాంటి చోట ఆ గీత గీస్తే ఆ ఊరికి పేరు తెచ్చిన తరం మొత్తం రాయి మీద ఉండదు.

చిక్కు ఇంకా ఉంది. అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరి, మలయాలో జపానువాళ్ళకు పట్టుబడి, తర్వాత బ్రిటిష్‌వాళ్ళ మీద పోరాడిన సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవారున్నారు. ఒకే ఊరి ఇద్దరు బర్మాలో ఎదురెదురుగా నిలబడి ఉండొచ్చు. తెలంగాణలో నిజాం సైన్యంలో పనిచేసినవారున్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానాన్ని దేశంలో కలిపిన ఆపరేషన్ పోలోలో భారత సైన్యానికి ఎదురుగా ఉన్నది ఆ సైన్యమే. అంతకు ముప్పై ఏళ్ళ ముందు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా రంగానికి వెళ్ళిన హైదరాబాద్ లాన్సర్లనే గుర్రపు దళమూ నిజాం సైన్యంలోనిదే. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడిన ముగ్గురు సైనికుల బొమ్మలు మైసూరు, జోధ్‌పుర్, హైదరాబాద్ సంస్థానాలవి.

పైగా తెలంగాణ పల్లెల్లో ‘అమరవీరుల స్తూపం’ అంటే చాలాచోట్ల సాయుధ పోరాటంలో పోయినవారి గుర్తు. హైదరాబాద్ గన్‌పార్కులోదైతే 1969 తెలంగాణ ఉద్యమంలో పోయిన 369 మందిది. అందువల్ల సైనికుల స్మారకానికి ఏ పేరు పెట్టాలన్నది కూడా అక్కడ ఆలోచించాల్సిన సంగతే.

ఖాకీ యూనిఫాం, శిలాఫలకం

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలు హోం శాఖ కింద ఉంటాయి, రక్షణ శాఖ కింద కాదు. వాళ్ళకూ పోలీసులకూ విడిగా జాతీయ పోలీసు స్మారకం ఉంది. 2018 అక్టోబరు 21న చాణక్యపురిలో ప్రారంభమైన దాని మీద 34,844 పేర్లు చెక్కారు. ఢిల్లీలో రెండు రాళ్ళు ఉండొచ్చు. ఊళ్ళో అంత చోటూ ఉండదు, ఆ తేడా జనానికి పట్టదు కూడా. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయినప్పుడు దేశమంతా వాళ్ళను సైనికులుగానే తలుచుకుంది.

కేంద్రమే ఈ గీతను ఒకచోట చెరిపింది. 2023 ఆగస్టులో ‘మేరీ మాటీ మేరా దేశ్’ పేరుతో పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టించినప్పుడు స్వాతంత్ర్య సమరయోధులు, సైనికులు, కేంద్ర బలగాల జవాన్లు, రాష్ట్ర పోలీసులు అందరి పేర్లూ ఒకే ఫలకం మీద రాయొచ్చంది. దేశమంతటా రెండు లక్షలకు పైగా ఫలకాలు లేచాయి. మీ ఊళ్ళో ఇప్పటికే ఒకటి ఉండొచ్చు. పంచాయతీ ఆఫీసు దగ్గరో, బడి దగ్గరో, చెరువు గట్టునో చూడండి. అయితే అది విధి నిర్వహణలో ప్రాణాలిచ్చినవారిది. తిరిగొచ్చిన మాజీ సైనికుడికి అందులో చోటు లేదు.

అగ్నివీర్లు వచ్చాక

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం మరో కొత్త ప్రశ్న తెచ్చింది. అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్ళు. తర్వాత 25 శాతం మంది దాకా సైన్యంలో కొనసాగుతారు, మిగతావారు ఇంటికి వస్తారు. పథకం నిబంధనల ప్రకారం అలా వచ్చినవారికి పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. స్మారకం మీద ‘మాజీ సైనికులు’ అని శీర్షిక పెట్టి ప్రభుత్వ నిర్వచనాన్నే పాటిస్తే, సరిహద్దులో నాలుగేళ్ళు నిలబడి వచ్చిన కుర్రాడి పేరు అక్కడికి ఎక్కదు. ‘దేశ రక్షణ దళాల్లో సేవ చేసినవారు’ అంటే ఎక్కుతుంది. నాలుగేళ్ళ సేవనూ ఇరవై నాలుగేళ్ళ సేవనూ సమానంగా చూడాలా అని పాతవాళ్ళు అడగడం సహజమే. 1962లో చైనా యుద్ధానికి వెళ్ళినవారిలోనూ కొత్తగా చేరినవారున్నారు. పేరు పక్కన పనిచేసిన ఏళ్ళు రాస్తే ఆ తేడా దానంతటదే కనిపిస్తుంది.

పేరు ఎలా రాయాలి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఊళ్ళో ఎక్కువ మనస్తాపాలు ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోయి, సమాధి తెలియనివారి పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి, దాదాపు 27,000. కామన్వెల్త్ కమిషన్ వాటిని ఇంటర్నెట్‌లో వెతుక్కునేలా పెట్టింది. మన ప్రాంతపు సైనికుడి వివరం అక్కడ ఇలా ఉంటుంది: ఒక పేరు, హోదా, నంబరు, యూనిట్, ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, జిల్లా. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. ఊరి పేరు ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. ‘అప్పన్న’ అనే ఒక్క పేరుతో ఊళ్ళో ముగ్గురుంటే ఎవరో తేల్చేది తండ్రి పేరే. పంజాబ్‌కు సంబంధించి లాహోర్ మ్యూజియంలో ఊరివారీగా రాసిపెట్టిన రిజిస్టర్లు బయటపడి, 3,20,000 మంది వివరాలు కంప్యూటర్‌కెక్కాయి. మన వైపు వెతికేవారు రెజిమెంటు రికార్డు ఆఫీసులకు రాయాలి. మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువి బెంగళూరులో ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాతివారికైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే మొదటి మెట్టు. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న డిశ్చార్జి బుక్కు వీటన్నిటికన్నా త్వరగా పని తేలుస్తుంది.

వరస మాటకొస్తే మూడు దారులున్నాయి: హోదా ప్రకారం, పోయిన తేదీ ప్రకారం, అక్షర క్రమంలో. హోదా ప్రకారం రాస్తే సైన్యం పద్ధతి పాటించినట్టవుతుంది కానీ సిపాయి ఎప్పుడూ కిందే ఉంటాడు. తేదీ ప్రకారం రాస్తే ఊరి చరిత్ర వరసగా చదువుకోవచ్చు, కొత్త పేరు చివర చేర్చడం కూడా తేలిక. దాత ఎవరి బంధువు, సర్పంచిది ఏ వర్గం అన్న టెన్షన్ కూడా తేదీల దగ్గర ఉండదు. కులాన్ని చెప్పే బిరుదులు కొందరి పేర్లకుండి మరికొందరి పేర్లకు లేకపోతే రాయి చూడగానే తెలిసిపోతుంది. అందరికీ ఒకే పద్ధతిలో, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు అని రాస్తే ఆ తేడా కనపడదు. తెలుగులో రాయడం తప్పనిసరి. ఊళ్ళో చదివేది తెలుగువాళ్ళే.

విగ్రహమా, పలకా, ఎక్కడ

గల్వాన్‌లో 2020 జూన్ 15న పోయిన కల్నల్ సంతోష్ బాబుకు సరిగ్గా ఏడాదికి సొంత పట్టణం సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. ఒక మనిషి ముఖం కళ్ళముందుంటే పిల్లలు ఆగి ఎవరని అడుగుతారు. పలక చూసి ఆ ప్రశ్న అంత సులువుగా రాదు. కానీ విగ్రహం ఒక్కరికే పెట్టగలం. రెండో కుటుంబం వచ్చి అడిగితే ఊరు ఇరుకున పడుతుంది.

చోటు విషయంలో చట్టం కూడా అడ్డొస్తుంది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలకు ఉపయోగపడే స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు ఇకపై అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. నాలుగు రోడ్ల కూడలే మనవాళ్ళకు మొదట తట్టేది. సరిగ్గా అక్కడే కుదరదు. పంచాయతీ తీర్మానంతో పంచాయతీ ఆవరణలోనో, బడి ఆవరణలోనో, దాత రాసిచ్చిన స్థలంలోనో కడితే తర్వాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పీకేస్తారన్న భయం ఉండదు.

కొత్త పేరు వస్తే

కామన్వెల్త్ కమిషన్ వందేళ్ళ తర్వాత కూడా తప్పిపోయిన పేర్లు వెతికి చేరుస్తూనే ఉంది. అంత పెద్ద సంస్థకే జాబితా ఒక్కసారితో పూర్తి కాలేదు. ఊళ్ళో ప్రారంభోత్సవం అయిన వారానికే మనుమడు ఎవరో తాత పాత ఫొటో పట్టుకుని వస్తాడు. రాయి నిండా పేర్లు పరిచేసి, చుట్టూ దాతల పేర్లు కూడా చెక్కేసిన చోట ఆ తాత పేరు రాయడానికి జాగా ఉండదు. పలకలో కింద మూడో వంతు ఖాళీ వదిలేవాళ్ళున్నారు. రాతితో పాటు పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టి, ఏ పేరు ఏ ఆధారంతో ఎప్పుడు చేర్చారో రాసుకునేవాళ్ళున్నారు. అక్షరం తప్పుపడితే దిద్దించుకోవడానికి, అభ్యంతరం ఉంటే గ్రామసభలో అడగడానికి ఆ రిజిస్టరే పనికొస్తుంది. ఏడాదికి ఒకసారి, జనవరి 26నో, ఆగస్టు 15నో, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం నాడో, ఆ పేర్లు పైకి చదివే బాధ్యత బడి పిల్లలకిచ్చిన ఊళ్ళలో ఏ తరంవాళ్ళ పేరు తప్పు పడిందో ఆ రోజే తెలిసిపోతుంది, ఎందుకంటే వినడానికి ఆ కుటుంబాలే వస్తాయి.